నీడకు పట్టే వేడి

ఆ చలికాలం మా ఇంట్లో అందరూ వణికారు, ఒక్క నా కంప్యూటర్ తప్ప. దానికి మాత్రం ఒళ్లు కాలిపోయేది. పనిలో పెట్టిన కాసేపటికి లోపలి ఫ్యాను రొద మొదలయ్యేది. అది పెరిగి పెరిగి ఈలలా మారేది. ఆ తర్వాత తెర టక్కున నల్లబడేది. అప్పటిదాకా చేసిందంతా గాలికి పోయేది, నేను నెత్తి పట్టుకుని కూర్చునేదాన్ని.

మాది రొట్టెల దుకాణం. వీధివైపు దుకాణం, దాని వెనక ఇటుకల పొయ్యి, పక్కన మామయ్య పిండి కలిపే గది, ఆ వెనక మేముండే రెండు గదులు, వంటిల్లు. నా బల్ల ఉన్న గదికి ఒకవైపు పొయ్యి గోడ. ఇంకోవైపు, పిండి గదికీ నాకూ మధ్య, చెక్కల అడ్డు. చలికాలంలో ఇంతకన్నా వెచ్చటి గది ఊళ్లో దొరకదని పెళ్లైన కొత్తలో మా ఆయన గొప్పగా చూపించాడు. అప్పుడు నేనూ మురిసిపోయాను.

నా పని, ఇంకా కట్టని భవనాలను కట్టేసినట్టు చూపించడం. ఇంజనీర్లు గీతలు గీసి పంపుతారు. నేను వాటికి గోడలు లేపి, కిటికీలు పెట్టి, చెట్లు నాటి, అందులో మనిషి నడుస్తూ చూస్తున్నట్టు చిన్న సినిమా తయారుచేస్తాను. బొమ్మలు పేర్చడం నా వంతు. ఒక్కో బొమ్మ మీద వెలుగు ఎక్కడ పడుతుందో, ఎక్కడ పడదో లెక్కగట్టి రంగులద్దడం యంత్రం వంతు. ఆ లెక్క మామూలు లెక్క కాదు. యంత్రం లోపలుండే ప్రాసెసర్, అంటే దాని మెదడు, గంటల తరబడి ఊపిరి సలపకుండా పనిచేస్తే గానీ రెప్పపాటు సినిమా రాదు.

ఆ ఏడాది నాకు దొరికింది ఒక పెద్దాసుపత్రి. పనిచ్చిన మేడమ్ ఫోన్లో మొహమాటం లేకుండా చెప్పేశారు.

"చలికాలం అయ్యేలోపు సినిమా నా చేతిలో ఉండాలి. ఇంటినుంచే చేస్తానన్నావుగా, చేసి చూపించు. కాదంటే ఇక్కడికొచ్చి ఆఫీసులో చేసుకో. ఇక్కడ మంచి యంత్రాలున్నాయి."

ఆవిడ చెప్పే ఇక్కడ అంటే బస్సులో పొద్దంతా ప్రయాణం. అక్కడ హాస్టల్లో ఉంటూ సెలవలకి ఇంటి మొహం చూడాలి. పెళ్లై రెండేళ్లు నిండకుండానే ఆయనొక చోట, నేనొక చోట. అలాగని పని మానుకునే ఆలోచన నాకు కలలో కూడా రాలేదు. ఏడ్చి నేర్చుకున్న పని అది, ఇప్పుడు ఇష్టంగా చేస్తున్న పని. అందుకే ఆ చలికాలమంతా నా బుర్రలో ఒకటే ప్రశ్న తిరిగింది. ఈ డబ్బా ఎందుకు వేడెక్కుతోంది?

సంగతి విని మామయ్య, "వెళ్లడమే నయమేమోనమ్మా. ఇంట్లో కూర్చుంటే పనెలా అవుతుంది?" అన్నారు. ఆయన లెక్కలో పనంటే నిలబడి చేసేది. పిండి పిసకడం, బస్తాలు మోయడం, పొయ్యిలో కట్టెలు ఎగదోయడం. నేను చేసేదానికి ఆయన పెట్టిన పేరు కూర్చోవడం. "అమ్మాయి కూర్చుందా?" అని మా ఆయన్ని అడిగేవారు. అందులో వెటకారం ఇసుమంత కూడా లేదు, అదే నాకు ఎక్కువ మండేది.

మా వీధిలో కంప్యూటర్లు బాగుచేసే ఆయన్ని అందరూ డాక్టరు అంటారు. ఆయన వచ్చి, బల్ల కింద ఉన్న పెట్టెని ఇవతలికి లాగి, మూత తీసి, మా ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూశాడు.

"ఇందులో రొట్టెలు గానీ కాల్చారా?"

తొంగి చూశాం. ప్రాసెసర్ నెత్తిన వేడిని లాగే లోహపు రేకుల దొంతర ఒకటి ఉంటుంది, దాన్ని చల్లబరచడానికి ఒక ఫ్యాను. ఆ రేకుల మధ్య సందులన్నీ తెల్లగా పూడిపోయి ఉన్నాయి. ఇంట్లో ఎగిరే పిండి ఏడాదంతా లోపలికి పోయి, చెమ్మకి తడిసి, వేడికి ఎండి, గట్టిపడి కూర్చుంది. డాక్టరు గోటితో గీకితే పెచ్చులుగా ఊడింది. మా ఆయన నవ్వాపుకోలేక బయటికి పోయాడు. మామయ్య మాత్రం ఒక పెచ్చు తీసుకుని వేళ్ల మధ్య నలిపి, "మన పిండే," అని ఖాయం చేశారు.

డాక్టరు అంతా శుభ్రం చేసి, సంచిలోంచి చిన్న గొట్టం తీశాడు. "పాత పేస్టు ఎండిపోయింది. కొత్తది వెయ్యాలి."

"పళ్లు తోముకునేదా?" అన్నారు మామయ్య.

"కాదు పెద్దాయనా. ప్రాసెసర్‌కీ ఈ రేకులకీ మధ్య కంటికి ఆనని సందులుంటాయి. అవి పూడితేనే వేడి పైకెక్కి బయటికి పోతుంది. లోడ్ ఎక్కువున్నప్పుడు ఇది మరీ ముఖ్యం."

"లోడంటే బరువా?"

"బరువే అనుకోండి. పని బరువు."

మామయ్య స్టూలు లాక్కుని దగ్గరగా కూర్చున్నారు. నా యంత్రం పక్కన ఆయన అలా కూర్చోవడం అదే మొదలు. "ఎంత వేడి పుడుతుందేమిటి ఇందులో?"

"వంద డిగ్రీలకి దగ్గరపడితే అదే ఆగిపోతుంది. కాలిపోకుండా దాని జాగ్రత్త అది."

"వందేనా? బన్నుకి రెండొందలు కావాలి." పెదవి విరిచారు. "మరి ఆ వెనకనుంచి వచ్చే గాలి?"

"అదా, గోరువెచ్చగా ఉంటుందంతే. చెయ్యి పెట్టి చూడండి."

మామయ్య చెయ్యి పెట్టారు. చాలాసేపటిదాకా తియ్యలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లు నా యంత్రం బుద్ధిగా పనిచేసింది. ఫ్యాను మాట్లాడేది గానీ కేకలు పెట్టేది కాదు. ఆసుపత్రి మొదటి అంతస్తు అయింది, మెట్లయ్యాయి. ఇక గట్టెక్కాననుకున్నాను.

ఇంట్లో ఇంకో వింత కూడా మొదలైంది. పొద్దున్నే నేను బల్ల దగ్గరికి రాగానే మామయ్య గుమ్మంలో నిలబడి అడిగేవారు.

"ఇవాళ బరువుందా అమ్మా?"

"ఉంది మామయ్యా. ఇవాళ వరండా అంతా చెయ్యాలి."

"మధ్యాహ్నందాకా ఉంటుందా?"

"సాయంత్రందాకా ఉంటుంది."

"మంచిది," అని తృప్తిగా వెళ్లిపోయేవారు. బరువు లేదన్న రోజు ఆయన మొహం వాడిపోయేది. "రేపుంటుందిలే," అని నన్నే ఓదార్చేవారు. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. దాదాపు రెండేళ్లుగా నా పని మొహం చూడని మనిషి రోజూ వచ్చి అడుగుతున్నాడు. మా ఆయన అయితే కుళ్లుకున్నాడు.

"పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి నన్నొక్కసారి అడగలేదు, ఇవాళ రొట్టెల బండిలో బరువెంతరా అని. నువ్వేం మందు పెట్టావు?"

"పని చేసేవాళ్లని పని చేసేవాళ్లు గుర్తుపడతారు," అన్నాను నేను, ముక్కు కాస్త పైకెత్తి.

ఆ మురిపెం ఎన్నో రోజులు నిలవలేదు. యంత్రం మళ్లీ ఆగిపోవడం మొదలుపెట్టింది. ఈసారి దానికొక వేళ కూడా కుదిరింది. పొద్దున్నంతా బాగానే ఉండేది. భోజనాలయ్యాక వేడి మెల్లగా ఎక్కేది, ఇంకాసేపటికి ఈల, ఆ తర్వాత నల్లటి తెర. చీకటిపడే వేళకి మళ్లీ ఏమీ ఎరగనట్టు మామూలైపోయేది.

నాకు కోపం కంటే ముందు ఆశ్చర్యం వేసింది. జ్వరమైనా ఇంత వేళ తప్పకుండా రాదు. కిటికీలోంచి ఎండ పడుతోందేమోనని దుప్పటి కట్టాను. కరెంటు హెచ్చుతగ్గులేమోనని ఆ వేళకి ఇంట్లో దీపాలన్నీ ఆర్పాను. పెట్టె మూత తీసేసి పక్కన బల్ల ఫ్యాను పెట్టాను. పెట్టెకి చలేస్తోందో లేదో గానీ నాకు ముక్కు కారింది. డాక్టరు మళ్లీ వచ్చి చూసి, లోపల పిండి రవ్వంత కూడా లేదని, పేస్టు బాగానే అంటుకుందని చెప్పి, "దీనికి దిష్టి తగిలుంటుంది," అని చేతులెత్తేశాడు. ప్రాసెసర్ వేగం తగ్గించి చూశాను. వేడి తగ్గింది, దాంతోపాటు పనీ నత్తనడక పట్టింది. ఆ లెక్కన ఆసుపత్రి ఎండాకాలానికి గానీ పూర్తవదు.

మామయ్యకి చెప్పాను కూడా. "మధ్యాహ్నం అయ్యేసరికి బాగా వేడెక్కిపోతోంది మామయ్యా."

"అవునవును, బాగా వేడెక్కుతోంది," అన్నారాయన. ఆ గొంతులో మెప్పు వినపడింది. నా చెవుల్లోనే ఏదో తేడా ఉందనుకున్నాను.

దుకాణంలో మాత్రం ఆ చలికాలం గిరాకీ బాగుంది. చలికి పిండి మొండికేస్తుంది, పొంగదు. ఏటా ఆ నెలల్లో మా బన్నులు గట్టిగా, మొహం ముడుచుకున్నట్టు ఉండేవట. ఈసారి దూదిలా వచ్చాయి. సాయంత్రమైతే జనం వీధిలోకి బారు తీరేవారు. మా ఆయన బండిలో దుకాణాలకి వేసొచ్చే బన్నులు కూడా మధ్యలోనే అయిపోయేవి. "నాన్న చెయ్యి తిరిగింది," అనేవాడు. రెండు సంగతులూ నా కళ్ల ముందే ఉన్నాయి. కలిపి చూడాలని నాకు తట్టలేదు.

ఒకరోజు మామయ్య పిండి మిల్లుకి వెళ్లారు. బస్తాల విషయంలో ఏదో పేచీ వచ్చి సాయంత్రందాకా రాలేదు. ఆ రోజు బన్నుల్లేవు. ఆ రోజే నా యంత్రం పొద్దున్నుంచి చీకటిపడేదాకా ఒక్కసారి కూడా ఆగకుండా పనిచేసింది. పైగా ఆ రోజు పెట్టిన బరువు అన్నిటికంటే ఎక్కువ. మర్నాడు మామయ్య ఉన్నారు, బన్నులున్నాయి, భోజనాలవగానే ఈల మొదలైంది.

నేను బల్ల కిందకి దూరాను. పెట్టె వెనకాల చేతిని తడుముకుంటూ పోనిస్తే చెక్కల అడ్డు తగలాలి. తగల్లేదు. మెత్తగా, తడిగా బట్టేదో తగిలింది. అక్కడ గాలి ఉడుకుతోంది. ఆ గాలిలో పులిసిన పిండి వాసన కమ్మగా వస్తోంది.

పిండి పొంగుతున్నప్పుడు ఆ గది తలుపు ఎవరూ తీయకూడదు. చలిగాలి తగిలితే పిండి కుంగుతుందని మామయ్య కట్టడి, ఆ ఇంట్లో అదొక్కటే ఆజ్ఞ. నేను వెళ్లి తీశాను.

చెక్కల అడ్డులో కింది పలక ఒకటి ఊడదీసి ఉంది. సరిగ్గా ఆ సందుకి ఆనించి, పళ్లేలు అరలరలుగా పెట్టే బండి నిలబెట్టి ఉంది. బన్నుల పైభాగం ఎండిపోకుండా దాని చుట్టూ తడిబట్ట కప్పి ఉంది. నా యంత్రం వదిలే వేడంతా ఆ బట్టకి తగిలి, లోపల కాస్త దూరి, మిగిలింది తిరిగి నా బల్ల కిందకే పోతోంది. బన్నులు గుండ్రంగా, నిండుగా ఉబ్బి ఉన్నాయి. పక్కన స్టూలు మీద మామయ్య కూర్చుని ఉన్నారు.

"తలుపు వెయ్యమ్మా, చలిగాలి వస్తోంది," అన్నారు.

వేశాను. లోపలే నిలబడ్డాను. "రోజూ బరువుందా అని అడిగింది దీనికా మామయ్యా?"

"ఆఁ. బరువున్న రోజు ఎంత బాగా పొంగుతోందో చూడు. ఊరికే పోయే వేడే కదా."

"ఊరికే పోవాలి మామయ్యా. పోకపోతేనే అది ఆగిపోతోంది. నేను ఇన్నాళ్లూ తల బద్దలుకొట్టుకుంటోంది దీనికే."

ఆయన నా వంక, ఆ సందు వంక చూశారు. "వేడెక్కుతోంది, వేడెక్కుతోంది అని నువ్వంటుంటే, బాగా పనిచేస్తోందనుకున్నానమ్మా," అన్నారు.

వేడెక్కితే బాధపడాల్సిన వస్తువు ఆయన జన్మలో చూడలేదు. నవ్వు రావాలి, నిజానికి. నాకు ఏడుపొచ్చింది. రోజులు పోయినందుకు కాదు. పొద్దున్నే గుమ్మంలో నిలబడి ఆయన అడిగిన ప్రతి ప్రశ్నకీ ఎంత మురిసిపోయి జవాబు చెప్పానో గుర్తొచ్చింది. ఆయన అడిగింది నన్ను కాదు, పొయ్యిని అడిగినట్టు అడిగారు. బయటికి వచ్చేశాను. వెనక పళ్లేల బండి చక్రాలు కిర్రుమంటూ దూరం జరగడం వినిపించింది.

ఆ సాయంత్రం బన్నులు రాళ్లలా వచ్చాయి. ఆ తర్వాత కూడా రోజూ అలాగే వచ్చాయి. కొన్నవాళ్లు నొక్కి చూసి మొహం చిట్లించారు. మామయ్య ఎవరికీ కారణం చెప్పలేదు. ఊడదీసిన పలక అలాగే ఉంచి, ఆ సందు ముందు ఏమీ లేకుండా చేశారు. గుమ్మంలో నిలబడి అడగడం కూడా మానేశారు.

యంత్రం ఆగకుండా పనిచేస్తోంది. కానీ పోయిన రోజులు పోయాయి. మేడమ్‌కి ఫోన్ చేసి ఉన్న సంగతి చెప్పాను.

"గడువు జరపడం నా చేతిలో లేదు," అన్నారావిడ. "ఒక పని చెయ్యి. ఆసుపత్రి ముందున్న ఆవరణ మిగిలింది కదా, అందులో నీడలు తీసేయ్. లెక్క సగానికి సగం తగ్గుతుంది. ఎవరూ పట్టించుకోరు."

తీసి చూశాను. నిజమే, బొమ్మలు చకచకా వచ్చేస్తున్నాయి. ఆ లెక్కన అనుకున్న రోజుకంటే ముందే అయిపోతుంది, నేనెక్కడికీ వెళ్లక్కర్లేదు. అయినా ఆ బొమ్మలు చూస్తుంటే నాకు మనసొప్పలేదు. పక్కపక్కనే రెండూ తెర మీద పెట్టుకుని, ఒకటి నీడలతో, ఒకటి నీడల్లేకుండా, గుడ్లప్పగించి కూర్చున్నాను.

"ఒక సంగతి అడుగుతాను," అన్నారు మామయ్య. ఎప్పుడొచ్చారో, గుమ్మం దాటి లోపలికి వచ్చి నిలబడ్డారు. చేతులకి పిండి అలాగే ఉంది. "ఇది ఏ బరువూ ఎత్తదు. ఉన్న చోటునుంచి కదలదు. లోపల మంట లేదు. మరి ఎందుకు వేడెక్కుతుందమ్మా?"

"నీడ కోసం మామయ్యా."

"నీడకా?"

"ఈ చెట్టుంది కదా. సూర్యుడు ఇటుంటే దీని నీడ ఎటు పడాలి, ఆకుల సందుల్లోంచి ఎంత వెలుగు జారాలి, పక్క గోడమీద ఎంత పడాలి, అదంతా ఇది లెక్క కట్టాలి. ప్రతి ఆకుకీ. అన్నిటికంటే ఎక్కువ వేడి దానికే."

ఆయన ఆ మాటని నోట్లో కాసేపు తిప్పుకున్నారు. "నీడ చెయ్యడానికి అంత వేడా," అన్నారు. ఆ తర్వాత వంగి తెరకేసి చూశారు. "ఎవరు కూర్చుంటారక్కడ?"

"లోపల రోగి ఉంటే బయట ఎదురుచూసేవాళ్లు."

నీడల్లేని రెండో బొమ్మని చాలాసేపు చూశారు. "ఇక్కడ ఎవరూ కూర్చోరమ్మా," అన్నారు.

"నాకూ అలాగే అనిపిస్తోంది. కానీ నీడలు పెడితే యంత్రం రేయింబవళ్లు ఆగకూడదు. పగటి పనికైతే ఈ గది సరిపోయింది గానీ, దీనికి చాలదు. ఆ పొయ్యి గోడ వేడికి సగంలోనే ఆపుకోవలసి వస్తుంది. రెండో గదికీ అదే గోడ, వంటింట్లో పెడదామంటే తడి, మీ గదిలో పెడదామంటే పిండి. నీడలు తీసేసి ఇచ్చేస్తే ఇంట్లోనే ఉంటాను. పెడితే ఇంకో పది రోజుల్లో హాస్టల్లో ఉంటాను."

మామయ్య పొయ్యి గోడకేసి చూశారు. చేతులు దులుపుకుంటూ వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున్నే మెలకువొచ్చేసరికి ఇల్లు కొత్తగా ఉంది. ఏమిటో ముందు తెలియలేదు. కట్టెల చిటపట లేదు, కాలే రొట్టె వాసన లేదు. దుకాణం తలుపులు వేసే ఉన్నాయి. మా ఆయన బండి తాళంచెవి పట్టుకుని, ఏం చెయ్యాలో తెలియనివాడిలా వాకిట్లో నిలబడ్డాడు.

పొయ్యి వెలిగించలేదు. నేను ఆ ఇంటికొచ్చాక అది ఆరడం చూడలేదు, మా ఆయన పుట్టాక కూడా చూడలేదట. ఇటుకలు ఒకసారి చల్లారితే మళ్లీ వేడెక్కడానికి రోజులు పడతాయి. మామయ్య నా గదిలో గోడ మీద అరచెయ్యి ఆనించి నిలబడి ఉన్నారు.

"ఈ గోడ కాస్త చల్లబడేసరికి సాయంత్రమవుతుంది," అన్నారు. "అప్పటిదాకా కిటికీలన్నీ తెరుచుకో. ఆ ఆకుల లెక్క మొదలుపెట్టు."

"దుకాణం మామయ్యా?"

"ముందు నీ పని చూసుకోమ్మా."

కిటికీలు, తలుపులు అన్నీ బార్లా తెరిచాం. ఇంట్లోకి చలి చుట్టంలా వచ్చి కూర్చుంది. ముగ్గురం దుప్పట్లు కప్పుకుని, పళ్లు కటకటలాడిస్తూ, తెర మీద వేడి అంకె చూస్తూ గడిపాం. అంకె పైకెక్కితే మామయ్య "అమ్మాయ్" అనేవారు, దిగితే "ఊఁ" అనేవారు. యంత్రం ఒక్కసారి కూడా ఆగలేదు. ఆవరణలో చెట్లు ఒక్కొక్కటే నీడ పరిచాయి. మా ఆయన కునికిపాట్లు పడుతూ, "నీడలు చాల్లేవే, కాస్త ఎండ పెట్టు," అన్నాడు.

గడువు రోజు పొద్దున్న సినిమా పంపాను. మధ్యాహ్నానికి మేడమ్ ఫోన్ చేశారు.

"నీడలు తీసెయ్యమన్నాను కదా," అన్నారు. నేను ఏదో చెప్పబోయాను. "తియ్యకపోవడమే మంచిదైంది. ఆ చెట్ల కింద నాకే కూర్చోవాలనిపించింది. తర్వాతి పని పంపిస్తున్నాను, ఇంట్లోనే చేసుకో."

మా ఆయనకి చెబితే పైకి "సర్లే" అన్నాడు గానీ ఆ సాయంత్రమంతా ఈలేస్తూ బండి కడిగాడు. మామయ్యకి చెబితే తలూపి, పొయ్యిలోకి కట్టెలు ఎత్తుకెళ్లారు.

పొయ్యి మళ్లీ దారికొచ్చి, దుకాణం తెరిచిన రోజు, ఎదురింటి దర్జీ అందరికంటే ముందు వచ్చాడు. నేను లోపలి గదిలో కొత్త పనికి గోడలు లేపుతున్నాను. మాటలు వినిపిస్తున్నాయి.

"ఏం పెద్దాయనా, ఎన్నడూ లేనిది దుకాణం మూసేశారు. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదా?"

"అందరం బాగానే ఉన్నాం," అన్నారు మామయ్య. "మా కోడలికి పనుండింది."

"ఏం పనేమిటి?"

కాగితంలో బన్నులు చుడుతున్న చప్పుడు ఆగింది.

"నీడలు చేస్తుంది," అన్నారు.